గుట్టా, గుంటా?

1854లో బెర్లిన్‌లో ఇరవయ్యారేళ్ళ కంటి డాక్టరు ఒకాయన గుంటని చూసి గుట్ట అని రాశాడు. ఆయన పేరు ఆల్బ్రెష్ట్ ఫన్ గ్రేఫె. ఆయన చూసింది గ్లకోమా రోగి కంట్లో, వెనక గోడ మీద, కంటినరం బయల్దేరే చోటు. ఆ చోటు పైకి ఉబ్బి ఉందన్నాడు. అదే ఏడు వియన్నాలో ఎడ్వార్డ్ యేగర్ కూడా ఉబ్బినట్టే గీశాడు. కంటి లోపలి బొమ్మలు గీయడంలో యేగర్‌ని మించినవాడు ఆ రోజుల్లో లేడు. ఇద్దరూ ఉద్దండులే, ఇద్దరిదీ ఒకటే పొరపాటు.

ఇది చదివినప్పుడు నాకు వాళ్ళ మీద జాలే కలిగింది. ధవళేశ్వరంలో ఇరిగేషన్ డ్రాయింగు సెక్షన్‌లో నా ఉద్యోగమంతా గుట్టకీ గుంటకీ తేడా చూపించడంలోనే గడిచిపోయింది. కాంటూరు మ్యాపులో రెండింటికీ గీతలు ఒక్కలాగే ఉంటాయి, ఒకదాన్లో ఒకటి చుట్టలు చుట్టలుగా. గుంటయితే గీతకి లోపలివైపు చిన్న చిన్న పళ్ళు పెట్టాలి. అవి మర్చిపోయామా, చెరువు కాస్తా కొండై కూర్చుంటుంది. నీడ వేసి చూపించేటప్పుడు వెలుగు ఎడమచేతి పైమూల నుంచి పడుతున్నట్టు వేస్తాం. అదే కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చూడండి, గుంటలు గుట్టలై లేస్తాయి. అందుకని గ్రేఫె తికమక నాకు కొత్తగా అనిపించలేదు.

ఇప్పుడు నాకూ గ్లకోమా. మావైపు పెద్దవాళ్ళు నీటికాసులంటారు. మా డాక్టరమ్మ నా కంటి ఫొటో తెరమీద పెట్టి, "చూశారా బాబాయిగారూ, ఇక్కడ కిందవైపు అంచు పల్చబడింది" అని పెన్నుతో చూపించింది. నాకది సైటు ప్లానులా కనపడింది. ఆ ప్లాను మొదట ఎవరు గీశారు, ఎలా దిద్దుకుంటూ వచ్చారు అని అప్పట్నించీ పుస్తకాలు తిరగేస్తున్నాను.

ముందు స్థలం సంగతి. కంటి వెనక పొర మీద పడిన బొమ్మని మెదడుకి చేరవేసే పోగులు సుమారు పది పన్నెండు లక్షలుంటాయి. అవన్నీ నలువైపుల నుంచీ వచ్చి ఒక్కచోట కలిసి, వెనక్కి వంగి, జల్లెడలాంటి పొర గుండా బయటికి పోతాయి. ఆ చోటునే డిస్కు అంటారు. అడ్డంగా కొలిస్తే ఒకటిన్నర మిల్లీమీటర్లకి కాస్త అటూ ఇటూ. పోగులు అంచు చుట్టూ సర్దుకోగా మధ్యలో మిగిలే పల్లాన్ని కప్పు అంటారు. అది మంచి కంట్లోనూ ఉంటుంది. గ్లకోమాలో పోగులు చచ్చేకొద్దీ అంచు తరుగుతుంది, కప్పు పెరుగుతుంది, జల్లెడపొర వెనక్కి కుంగుతుంది. చచ్చిన పోగు మళ్ళీ మొలవదు.

ఇదంతా బతికున్న మనిషిలో చూసే సాధనం 1850కి ముందు డాక్టర్ల చేతిలో లేదు. గ్లాస్గో డాక్టరు విలియం మెకెంజీ 1830లోనే ఈ జబ్బులో కన్ను గట్టిపడుతుందని రాశాడు. కానీ నొప్పీ ఎరుపూ ఏమీ లేకుండా చూపు తగ్గుతూ వచ్చే మనిషి కంట్లో ఏం జరుగుతోందో చూసే దారి ఆయనకీ లేదు. కాటన్ దొర మా ఆనకట్ట పని 1847లో మొదలెట్టి 1852లో ముగించాడు. ఆ పని సగంలో ఉండగా, 1850 చివర్లో, కోనిగ్స్‌బర్గ్‌లో హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ అనే ప్రొఫెసరు కంటిలోపలికి చూసే సాధనం తయారుచేశాడు. మరుసటేడు దానిమీద చిన్న పుస్తకం అచ్చువేశాడు. కంట్లోకి వెళ్ళిన వెలుగు వెళ్ళిన దారినే తిరిగి వస్తుంది. ఆ దారిలో తల పెట్టి చూడబోతే మన తలే దీపానికి అడ్డు. ఆయన దీపాన్ని పక్కన పెట్టి, గాజుపలకల్ని ఏటవాలుగా పట్టి వెలుగుని రోగి కంట్లోకి మళ్ళించి, ఆ పలకల గుండానే తను చూశాడు.

అయితే ఆ సాధనంతో చూసేది ఒంటికన్నుతో. లోతు తెలియాలంటే రెండు కళ్ళూ కావాలి. వెలుగు కూడా చూపు దారినే లోపలికి పోతుంది కాబట్టి నీడ సాయం లేదు. గ్లకోమా కంట్లో రక్తనాళాలు డిస్కు అంచు దగ్గర చటుక్కున వంగి, కాసేపు మాయమై, మళ్ళీ నడిమధ్యన తేలతాయి. అవి గట్టు ఎక్కుతున్నాయా, గోతిలోకి దిగుతున్నాయా? ఆ కాలంలో కన్ను గట్టిపడ్డమంటే లోపల వాపనే నమ్మకం బలంగా ఉండేది. వాపు కోసం వెతికిన కంటికి ఉబ్బే కనపడింది.

దిద్దుబాటు త్వరగానే వచ్చింది. గ్రేఫె శిష్యుడు అడాల్ఫ్ వేబర్ 1855లో ఒక కుందేలు కంటిని పట్టుకుని, పైకి లేచినట్టు కనపడేది పల్లం కూడా కావచ్చని చూపించాడు. గ్రేఫె ఆ మాట ఒప్పుకున్నాడు. 1854లో తనే మొదలుపెట్టిన పత్రికలో మొదటి మాట అచ్చయింది, అదే పత్రికలో దిద్దుబాటూ అచ్చయింది. సర్వే ఫీల్డుబుక్కులో రబ్బరు వాడకూడదని మాకో నియమం. తప్పు అంకె మీద ఒక్క గీత కొట్టి, అది కనపడేలా ఉంచి, పక్కన సరైనది రాయాలి. గ్రేఫె చేసింది అదే. ఆ తర్వాత వుర్ట్స్‌బర్గ్‌లో హైన్రిష్ ముల్లర్ చనిపోయినవాళ్ళ కళ్ళని పల్చగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టి, జల్లెడపొర నిజంగానే వెనక్కి నొక్కుకుపోయిందని తేల్చాడు. గుంటేనన్నది ఖాయమైంది.

ఎందుకు గుంట పడిందన్న తగువు మాత్రం తెగలేదు. లోపలి ఒత్తిడి నొక్కి కుంగదీసిందన్నది ముల్లర్ వాదం. నరంలోనే పోగులు కరిగి డొల్లలు పడితే ఆ డొల్లలు కూలి గుంటయిందన్నది 1892లో ఇసిడోర్ ష్నాబెల్ వాదం. ఒత్తిడా, రక్తం అందకపోవడమా, రెండూనా అన్న వాదన ఆ ఇద్దరి తర్వాత కూడా రూపాలు మార్చుకుంటూ వచ్చింది.

వైద్యం దాని దారిన అది నడిచింది. ఉన్నట్టుండి కన్ను ఎర్రబడి, తలపగిలే నొప్పితో వచ్చే రకానికి కనుపాప చుట్టూ ఉండే రంగుతెరలో చిన్న ముక్క కోసి తీసేస్తే గుణమిస్తుందని గ్రేఫె 1857లో ప్రకటించాడు. అప్పటిదాకా గ్లకోమా అంటే ఆశ వదులుకోవడమే. 1876లో లుడ్విగ్ లాక్వర్ ఆఫ్రికా కాలబార్ గింజ నుంచి తీసిన మందు చుక్కలు వేసి ఒత్తిడి తగ్గించాడు. ఆయనకీ గ్లకోమా ఉండేది. మరుసటేడు పైలోకార్పిన్ చుక్కలు తెచ్చినవాడు ఎవరనుకున్నారు? కుందేలు కంట్లో గుంట చూపించిన అడాల్ఫ్ వేబరే. టిమోలాల్ అనే మందు 1978లో వచ్చేదాకా, అంటే నూరేళ్ళపాటు, పైలోకార్పినే ఊరూరా కంటి డాక్టర్ల చేతిలో ఉంది.

నరం పాడైతే చూపు ఏ ఆకారంలో పోతుందో గీసి చూపించినవాడు కోపెన్‌హాగన్‌ డాక్టరు యానిక్ బ్యెరుమ్. అప్పటికి చూపు విస్తీర్ణం కొలిచే పరికరాలు ఉండేవి, కానీ అవి కంటికి దగ్గరగా పెద్ద గుర్తుల్ని చూపించేవి. చిన్న లోపాలు వాటికి దొరకవు. బ్యెరుమ్ తన గది తలుపు వెనకవైపునే తెరగా వాడుకున్నాడట. తర్వాత దాని స్థానంలో నల్లగుడ్డ తెర వచ్చింది. రోగిని దూరంగా కూర్చోబెట్టి, చిన్న తెల్లటి గుర్తుని పుల్లమీద పెట్టి జరుపుతూ, ఎక్కడ మాయమైతే అక్కడ గుర్తుపెట్టాడు. 1889లో ఆయన అచ్చువేసిన బొమ్మలో, అందరికీ మామూలుగా ఉండే గుడ్డిమచ్చ నుంచి బయల్దేరి చూపు నడిమికి పైగానో కిందగానో వంపు తిరిగిన చీకటి పట్టీ ఉంది. పోగులు డిస్కుకి వచ్చే దారి అదే వంపు. అంచులో కింద తెగితే చూపులో పైన చీకటి. మా డాక్టరమ్మ పల్చబడిందని చూపించిన చోటుకి సరిగ్గా ఎదురుగా, చూపు విస్తీర్ణం కొలిచిన నా ఫీల్డ్ టెస్ట్ కాగితం మీద పైసగంలో బూడిదరంగు మరక ఉంది. కాలవ ఎక్కడ తెగిందో తెలిస్తే ఏ పొలాలు ఎండుతాయో మేం ఆఫీసులో కూర్చునే చెప్పేవాళ్ళం. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాక నాకు డాక్టరమ్మ వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

ఈ చరిత్రలో మద్రాసుకీ ఒక అధ్యాయం ఉంది. అక్కడి కంటి ఆస్పత్రి 1819లో మొదలైంది. 1904 నుంచి 1914 దాకా దానికి సూపరింటెండెంటు రాబర్ట్ హెన్రీ ఇలియట్. మన కోస్తా జిల్లాలన్నీ అప్పుడు మద్రాసు రాజధానిలోవే. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన పూర్తయ్యాక ఇటువైపు రోగులకి ఎగ్మూరులోని ఆ ఆస్పత్రి దూరాభారం కొంత తగ్గింది. మా ముత్తాతగారి అన్నగారు ఆ రైల్లోనే వెళ్ళి కన్ను చేయించుకొచ్చారని మా ఇంట్లో చెప్పుకునేవారు, ఏ ఆపరేషనో ఎవరికీ తెలీదు. ఇలియట్ 1909లో ఒక పద్ధతి మొదలెట్టాడు. నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే చోట, ట్రెఫైన్ అనే గుండ్రటి చిన్న కత్తితో ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల బెజ్జం పెట్టి, పైన పల్చటి పొర కప్పేయడం. లోపలి నీరు ఆ బెజ్జం గుండా పొర కిందికి ఊరుతుంది, ఒత్తిడి దిగుతుంది. 1913లో ఆయన దానిమీద పుస్తకం రాశాడు. మద్రాసులో పుట్టిన ఆపరేషను లండన్‌లోనూ యూరప్‌లోనూ చేశారు.

ఇలియట్ బెజ్జం గోడ పూర్తి మందాన పడేది. నీరు మరీ ఎక్కువ పోవడం, పైపొర పల్చబడి ఏళ్ళ తర్వాత కూడా కంట్లోకి చీము చేరడం దాని చిక్కులు. 1968లో కేంబ్రిడ్జిలో కెయిర్న్స్ దాన్ని మార్చి, తెల్లగుడ్డులోనే సగం మందాన మూతలా ఒక రెక్క తీసి, దాని కింద దారి చేసి, మూత మళ్ళీ కుట్టేశాడు. నీళ్ళ శాఖ మనిషిగా చెప్తున్నాను, గండి కొట్టడానికీ తూము పెట్టడానికీ ఉన్న తేడా అది.

ఇక అంకెల సంగతి. 1905లో నార్వే డాక్టరు షియొట్స్ కంటి మీద పెట్టి ఒత్తిడి కొలిచే పనిముట్టు తెచ్చాడు. 1950ల్లో బెర్న్‌లో గోల్డ్‌మన్ ఇంకా నికరమైనది చేశాడు. ఇప్పుడు మన గడ్డాన్ని స్టాండు మీద పెట్టించి నీలం వెలుగుతో చూసేది అదే. 1958లో జర్మనీలో లైడ్‌హెకర్ బృందం పదివేలమంది కళ్ళు కొలిచింది. ఆ లెక్కల్లోంచి ఒత్తిడికి 21 (మిల్లీమీటర్ల పాదరసం) అనే గీత పుట్టింది. దాటితే జబ్బు, దాటకపోతే క్షేమం. గీత బాగా నచ్చింది అందరికీ. డాక్టరుకి చెప్పడం తేలిక, రోగికి గుర్తుండడం తేలిక. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఇప్పటికీ "నాకు పద్దెనిమిదే, మీకెంత?" అని అడుగుతారు.

1966లో ఆ గీతకి పగులు వచ్చింది. వేల్స్‌లో బొగ్గుగనుల లోయలో ఫెర్న్‌డేల్ అనే ఊళ్ళో ఫ్రెడ్ హాలోస్, గ్రాహం అనే ఇద్దరు ఊరిజనాన్ని వరసపెట్టి పరీక్షించారు. ఆస్పత్రికి వచ్చినవాళ్ళని మాత్రమే చూస్తే తెలియని సంగతులు బయటపడ్డాయి. 21 దాటినవాళ్ళలో చాలామంది నరాలు నిక్షేపంగా ఉన్నాయి. 21 లోపలే ఉన్న కొందరి నరాల్లో గుంట, చూపులో చీకటి పట్టీ ఉన్నాయి. ఒత్తిడి తగ్గించడం వల్ల మేలుందన్నది తర్వాత పెద్ద పరిశోధనల్లో రుజువైంది. ఒత్తిడి ఎక్కువుండి నరం ఇంకా బాగున్న 1,636 మందిని చూసిన అమెరికా పరిశోధనలో, చుక్కలు వేయనివాళ్ళలో అయిదేళ్ళకి 9.5 శాతానికి జబ్బు వస్తే, వేసినవాళ్ళలో 4.4 శాతానికే వచ్చిందని 2002లో తేలింది. ఒత్తిడిని తగ్గించాల్సిందే. కానీ జబ్బు ఉందా, ముదురుతోందా అని అడిగితే జవాబు నరం దగ్గరే దొరుకుతుంది.

అక్కడా ఒక అంకె కావాల్సొచ్చింది. 1960ల్లో మన్సూర్ అర్మాలీ కప్పు వెడల్పుని డిస్కు వెడల్పుతో భాగించి రాయడం అలవాటు చేశాడు. మన ఓపీ చీటీల మీద "0.6", "0.8" అని రాసేది ఆ లెక్కే. ఇదీ నచ్చింది అందరికీ, ఇందులోనూ మోసం ఉంది. పుట్టుకతో డిస్కు పెద్దదయితే కప్పూ పెద్దదే, పోగులన్నీ భద్రంగానే ఉండొచ్చు. చిన్న డిస్కులో 0.5 కూడా నష్టమే కావచ్చు. స్కేలు రాయని మ్యాపు మీద దూరం కొలిచినట్టు. 1980ల చివర్లో జర్మనీలో యోస్ట్ యోనాస్ ఫొటోల మీద ఓపిగ్గా కొలిచి, గుంట ఎంతుందని కాదు, అంచు ఎక్కడ ఎంత మిగిలిందని చూడమన్నాడు. మామూలు కంట్లో అంచు కిందవైపు అన్నిటికంటే మందం, తర్వాత పైన, తర్వాత ముక్కువైపు, చివరికి కణతవైపు. ఆ వరస తప్పితే అనుమానించాలి.

డిస్కు చుట్టుపక్కల నేల కూడా సాక్ష్యం చెప్తుంది. డిస్కుని ఆనుకుని కొందరికి తెల్లటి చంద్రవంక ఉంటుంది. అక్కడ రంగుపొర అరిగిపోయి, వెనక తెల్లగోడా పెద్ద రక్తనాళాలూ బయటపడతాయి. యోనాస్ దాన్ని ఆల్ఫా, బీటా అని రెండు మండలాలుగా విడదీశాడు. లోపలిదైన బీటా గ్లకోమా కళ్ళలో ఎక్కువగా, పెద్దదిగా ఉంటుంది. అయితే దూరపుచూపు తక్కువై మైనస్ అద్దాలు పెట్టుకునేవాళ్ళకీ అక్కడ వంక ఉంటుంది కాబట్టి అదొక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. 1973లో విలియం హాయిట్, ఆయన సహచరులు ఎరుపు తీసేసిన పచ్చటి వెలుగులో చూస్తే పోగులపొర మీద నల్లటి చీలికలు కనిపిస్తాయని చెప్పారు. పోగులు ఏ దారిలో చచ్చాయో ఆ చీలికే చూపిస్తుంది.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది డిస్కు అంచున కనపడే సన్నటి నెత్తుటి చార. బ్యెరుమ్ 1889లోనే దాన్ని గమనించాడు, ఎవరూ పట్టించుకోలేదు. 1970లో వాంకూవర్‌లో స్టీఫెన్ డ్రాన్స్, ఆయన సహచరుడు బెగ్ దాన్ని మళ్ళీ పైకి తెచ్చారు. ఆ చార ఎక్కడ పడితే తర్వాత అక్కడ అంచు తరగడం, పోగులు పోవడం కనపడుతుంది. కొన్ని వారాల్లో చార ఆనవాలు లేకుండా చెరిగిపోతుంది. ఇందాక చెప్పిన అమెరికా పరిశోధనలో ఏటా డాక్టర్లు కళ్ళు చూసేవారు, డిస్కు ఫొటోలూ తీసేవారు. ఫొటోలు వేరేచోట కూర్చున్నవాళ్ళు పరిశీలించేవారు. చార పడిన 128 కళ్ళలో డాక్టరూ ఫొటో ఇద్దరూ పట్టింది 21 కళ్ళలోనే. మిగతా 107 ఫొటోలోనే దొరికాయి. ఆ డాక్టర్లు గ్లకోమాలో ఆరితేరినవాళ్ళు. అంచు చుట్టూ తీరిగ్గా వెతకాలంటే ఎదురుగా కన్ను కదులుతూ, రెప్ప కొట్టుకుంటూ ఉంటుంది. ఫొటో కదలదు.

1982లో హ్యారీ క్విగ్లీ బృందం చనిపోయినవాళ్ళ నరాల్లో పోగులు లెక్కపెట్టి, వాళ్ళ బతికున్నప్పటి ఫీల్డ్ టెస్టులతో పోల్చింది. ఆ నాటి పరీక్షలో లోటేమీ కనపడకముందే పోగుల్లో 40 శాతం దాకా పోయి ఉండొచ్చని తేలింది. అందుకే పొరల మందాన్ని మైక్రాన్లలో కొలిచే యంత్రం మీద అంత ఆశ. 1991లో అమెరికాలో ఎంఐటీ వాళ్ళు ప్రకటించిన ఓసీటీ అది. కాగితం మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులొస్తాయి. ఆకుపచ్చంటే మన వయసువాళ్ళ లెక్కల్లో ఇమిడారని మాత్రమే అర్థం. పోయినేటి కంటే పది మైక్రాన్లు తగ్గినా ఇంకా ఆకుపచ్చలోనే ఉండొచ్చు. 21 అన్న గీతా, 0.6 అన్న కప్పూ వేసిన వేషమే ఇప్పుడు రంగు వేస్తోంది.

మన దగ్గర లోపం ఇంకా ముందే మొదలవుతుంది. 1996 నుంచి 2000 దాకా ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి వాళ్ళు హైదరాబాదులోనూ, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ 10,293 మందిని పరీక్షించారు. హైదరాబాదు భాగంలో 2,522 మంది. అందులో నొప్పీ ఎరుపూ లేకుండా వచ్చే, 'కోణం తెరిచి ఉండే' రకం గ్లకోమా ఉన్నట్టు తేలినవాళ్ళలో పదింట తొమ్మిదిమందికి పైగా ఆ సంగతి అంతకుముందు తెలియదు. అప్పటికే సగంమందికి నష్టం బాగా ముదిరింది. వాళ్ళకి మొదటి బొమ్మే లేదు, ఇక దేంతో పోలుస్తారు?

నేను అనేది ఇదే. బరాజు పియరు కుంగిందా అని అడిగితే, ఇవాళ దాని లెవెల్ ఎంతో చెప్పి ప్రయోజనం లేదు. కట్టిన ఏడాది, అదే బెంచ్‌మార్కు నుంచి తీసిన లెవెల్ కావాలి. గ్రేఫె నుంచి ఓసీటీ దాకా ఈ చరిత్రలో జబ్బు తప్పించుకున్న ప్రతిసారీ జనం ఒకే ఒక్క చూపునో, ఒకే ఒక్క అంకెనో నమ్ముకుని ఉన్నారు. పట్టుబడిన చోట ఎవరో ఒకరు ఒకదాని పక్కన ఇంకోటి పెట్టి పోల్చి చూశారు. ఓసీటీ యంత్రం కంపెనీ మారితే అంకెలు కలవవు. ఇరవయ్యేళ్ళ కిందటి మంచి డిస్కు ఫొటో మాత్రం ఇవాళా పనికొస్తుంది.

అందుకని బెంచీ మీద ఎవరైనా "మీకెంత?" అంటే, "మీ దగ్గర మొదటి ఫొటో ఉందా?" అని ఎదురడుగుతాను. లేదంటే, లోపలికెళ్ళగానే తీయించి కాపీ మీ దగ్గర పెట్టుకోండి, డాక్టరు మారినా ఊరు మారినా పట్టుకెళ్ళండి అంటాను. ఈ జబ్బు ఉన్నవాళ్ళ తోబుట్టువులకీ పిల్లలకీ వచ్చే అవకాశం బయటివాళ్ళ కంటే చాలా ఎక్కువ. మా చెల్లెలికీ మా అబ్బాయికీ జబ్బు లేదు. వాళ్ళ ఫైళ్ళలో మాత్రం తేదీలు వేసిన డిస్కు ఫొటోలున్నాయి. రేపు ఏ డాక్టరుకైనా అనుమానం వస్తే వాళ్ళ దగ్గర పోల్చడానికి ఒక లెవెల్ ఉంది.